ఇంజిన్‌కు పరీక్ష పెట్టేముందు మేఘానికి పెట్టాలి

విమాన ఇంజిన్ మంచును తట్టుకుంటుందో లేదో తేల్చాలంటే దాన్ని మంచు మేఘంలో నడిపి చూడాలి. ఆకాశంలో మేఘాల వెంట తిరిగితే కావలసినంత చలి, కావలసినంత నీరు, కావలసిన పరిమాణంలో బిందువులు ఒకేచోట దొరకడం అరుదు. దొరికినా అరగంట నిలవదు. అందుకే నేలమీద, గాలిని చల్లబరిచిన పెద్ద గొట్టంలో, నాజిళ్లతో నీళ్లు చిమ్మి మేఘాన్ని తయారుచేస్తారు. చిమ్మడం పెద్ద పని కాదు. చిమ్మిన మేఘంలో ఘనపు మీటరుకు ఎన్ని గ్రాముల నీరుంది, బిందువులు ఎంత లావున్నాయి, గొట్టం అంతటా అవి సమానంగా పరుచుకున్నాయా అన్నది అంకెల్లో చెప్పగలగడమే పని. దాన్నే క్యాలిబ్రేషన్ అంటారు. ‘ఈ ఇంజిన్ మంచు పరీక్షలో నెగ్గింది’ అన్న మాటకు ఎంత విలువ ఉందో అది నెగ్గుకొచ్చిన మేఘం గురించి మనకు ఎంత తెలుసన్నదే నిర్ణయిస్తుంది.

ఈ పనిలో ఎక్కువ పేరున్న చోటు అమెరికాలోని ఓహాయో రాష్ట్రం, క్లీవ్‌లాండ్ నగరంలో ఉన్న నాసా గ్లెన్ పరిశోధన కేంద్రం. అక్కడి ఐసింగ్ రీసెర్చ్ టనెల్ 1944లో మొదలైంది. పరీక్ష జరిగే గది ఆరడుగుల ఎత్తు, తొమ్మిదడుగుల వెడల్పు. రెక్కల ముక్కలు, ఇంజిన్ మూతి భాగాలు అందులో పెడతారు. నిండు ఇంజిన్‌ను నడిపి చూసేందుకు అదే ప్రాంగణంలో ప్రొపల్షన్ సిస్టమ్స్ లాబొరేటరీ ఉంది. అక్కడ గాలిని పలచబరిచి, చల్లబరిచి ఇంజిన్‌ను ఆకాశంలో ఎత్తున ఉన్నట్టు నమ్మించవచ్చు. ఆ గదికి మేఘం చిమ్మే ఏర్పాటు 2012లో వచ్చింది. టనెల్‌లో దశాబ్దాలుగా పదునెక్కిన పద్ధతులే ఇంజిన్ గదికీ పునాది. కాబట్టి ముందు టనెల్‌లో పని ఎలా సాగుతుందో చూసి, తర్వాత ఇంజిన్ గదిలోకి వెళ్దాం.

మొదట తేల్చుకోవాల్సింది ఏ మేఘం కావాలో. ఇది ఎవరి ఇష్టానికీ వదిలిన విషయం కాదు. అమెరికా విమానయాన నిబంధనల్లో 25వ భాగానికి ‘అనుబంధం సీ’ అని ఒకటుంది. పరచుకున్న స్తర మేఘాలకు ఒక పటం, నిలువుగా పెరిగే కుములస్ మేఘాలకు మరో పటం అందులో ఉన్నాయి. మొదటి రకానికి బిందువుల పరిమాణం 15 నుంచి 40 మైక్రాన్లు, రెండో రకానికి 15 నుంచి 50 మైక్రాన్లు. స్తర మేఘంలో నీరు ఘనపు మీటరుకు ఒక గ్రాము లోపే ఉంటుంది. కుములస్‌లో అత్యధికం దాదాపు 3 గ్రాములు. ఇంజిన్లకు 33వ భాగంలో వేరే షరతులున్నాయి. నేలమీద మంచు పొగలో నిలబడ్డ విమానం మాటే తీసుకోండి. 2015 దాకా ఉన్న నిబంధన ప్రకారం మైనస్ 9 నుంచి మైనస్ 1 డిగ్రీ మధ్య చలిలో, ఘనపు మీటరుకు 0.3 గ్రాములకు తగ్గని నీటితో, 20 మైక్రాన్లకు తగ్గని బిందువులతో ఇంజిన్ 30 నిమిషాలు ఐడిల్‌లో నడవాల్సి ఉండేది. ఆ వెంటనే టేకాఫ్ శక్తికి ఎక్కాల్సి ఉండేది. ఇందులో 0.3 అన్న అంకె నిజంగా 0.3 అవునో కాదో చెప్పాల్సినవాడు క్యాలిబ్రేషన్ ఇంజనీరు.

బిందువుల పరిమాణం అన్నాను గానీ మేఘంలో అన్ని బిందువులూ ఒకే సైజులో ఉండవు. అందుకని ఒక మధ్య గీత గీస్తారు. మేఘంలోని మొత్తం నీటిలో సగం ఆ గీతకన్నా పెద్ద బిందువుల్లో, సగం చిన్న బిందువుల్లో ఉండాలి. సాంకేతికులు దీన్ని ఎమ్‌వీడీ అంటారు. బిందువులను లెక్కపెట్టి సగానికి చీల్చేది కాదిది, నీటిని సగానికి చీల్చేది. 40 మైక్రాన్ల బిందువులో 20 మైక్రాన్ల బిందువుకన్నా ఎనిమిది రెట్ల నీరుంటుంది. కాబట్టి కొద్దిపాటి పెద్ద బిందువులు లెక్కలోంచి జారిపోయినా ఎమ్‌వీడీ తప్పుతుంది. కొలిచేటప్పుడు పడే పాట్లలో సగం ఇక్కడినుంచే వస్తాయి.

మేఘం ఏదో తేలాక నీటిని సిద్ధం చేస్తారు. లవణాలు తీసేసి, వడగట్టి పంపుతారు. లేకపోతే సన్నని నాజిల్ గొట్టాలు పూడిపోతాయి. టనెల్‌లోకి వెళ్లే నీటిని, దానితోపాటు నాజిల్‌లోకి వెళ్లే గాలిని కూడా వేడిచేసి పంపుతారు. మంచు కోసం వేడినీళ్లేమిటని ఆశ్చర్యం కలగవచ్చు. నీరు నాజిల్ నోట్లోనే గడ్డకట్టకుండా ఉండేందుకు ఈ జాగ్రత్త. బయటపడిన బిందువు చాలా చిన్నది కాబట్టి పరీక్ష గదికి చేరేలోగా చుట్టూ ఉన్న గాలి చలికి దిగిపోతుంది. సున్నా కిందికి దిగినా గడ్డకట్టదు, ద్రవంగానే ఉంటుంది. ఆ అతిశీతల బిందువు ఏ వస్తువుకైనా తగిలీ తగలగానే మంచుగా మారి అంటుకుంటుంది. విమానాలను పీడించే మంచు చాలావరకు ఇదే.

తర్వాత నాజిళ్లు. టనెల్‌లో అడ్డంగా పది స్ప్రే బార్లున్నాయి, వాటి వెంట వరసగా నాజిళ్లు. ఒక్కో నాజిల్ మధ్యలో సన్నని గొట్టంగుండా నీరు వస్తుంది. దాని చుట్టూ ఒత్తిడితో వచ్చే గాలి ఆ నీటిని చీల్చి తుంపర చేస్తుంది. ఆపరేటర్ చేతిలో ఉండేవి ముఖ్యంగా రెండే: గాలి ఒత్తిడి, నీటి ఒత్తిడి. పొలంలో మందు కొట్టే స్ప్రేయర్ పట్టినవారికి తెలుసు, ఒత్తిడి పెంచితే తుంపర సన్నబడుతుంది, మందు ఖర్చు కూడా మారుతుంది. ఇక్కడా అదే చిక్కు. నీటి ఒత్తిడి, గాలి ఒత్తిడి మధ్య ఉన్న తేడా ప్రవాహాన్ని నిర్ణయిస్తుంది, ఆ తేడాయే బిందువుల సైజునూ కదిలిస్తుంది. పైగా ప్రవాహం ఆ తేడాకు వర్గమూలంగా పెరుగుతుంది. అంటే నీటిని రెట్టింపు చేయాలంటే తేడాను నాలుగు రెట్లు చేయాలి. నీటి మొత్తాన్ని, బిందువు సైజును విడివిడిగా మార్చుకునే వీలు పూర్తిగా ఉండదు. అందుకే టనెల్‌లో ఎక్కువ నీరు పారించే నాజిళ్లు ఒక జట్టు, తక్కువ పారించేవి ఇంకో జట్టు ఉంచుకున్నారు. మేఘం పలచగా కావాలంటే రెండో జట్టు పనిచేస్తుంది.

ప్రతి నాజిల్‌ను బార్‌కు బిగించేముందు బల్లమీద విడిగా పరీక్షిస్తారు. ఇంత ఒత్తిడి తేడాకు ఇంత నీరు పారాలని ఒక గుణకం ఉంటుంది. దానికి ఎక్కువ తక్కువైన నాజిల్‌ను పక్కన పెట్టేస్తారు. చూడడానికి విసుగు పుట్టించే పని. కానీ ఇక్కడ చూసీ చూడనట్టు వదిలిన ఒక్క నాజిల్ తర్వాత మేఘంలో ఒక చిక్కటి మచ్చై తేలుతుంది, దాని మూలం వెతకడానికి బోలెడు శ్రమ పడుతుంది.

అసలు క్యాలిబ్రేషన్ మూడు మెట్లలో సాగుతుంది. మొదట మేఘం సమానంగా పరుచుకుందా, తర్వాత బిందువుల సైజు, చివర నీటి మొత్తం. ఈ వరసకు కారణం ఉంది. నీటి మొత్తాన్ని గది మధ్యలో ఒక్కచోటే కొలుస్తారు. మేఘం అంతటా ఒకేలా ఉంటేనే ఆ కొలత గదంతటికీ చెల్లుతుంది. నీటి మొత్తం లెక్కలో బిందువు సైజు కూడా వస్తుంది కాబట్టి సైజు ముందే తెలిసి ఉండాలి. వరస తప్పితే మూడూ మళ్లీ మొదటికొస్తాయి.

సమానత చూసేందుకు ఉక్కు పట్టీలతో అల్లిన పెద్ద చట్రాన్ని గదిలో నిలబెడతారు. అడ్డం, నిలువు పట్టీల మధ్య దూరం ఆరంగుళాలు. గాలిని బాగా చల్లబరిచి మేఘాన్ని కొన్ని నిమిషాలు వదిలితే ప్రతి పట్టీ మీదా మంచు పెరుగుతుంది. స్ప్రే ఆపి, మనుషులు లోపలికి వెళ్లి, గడి గడికీ క్యాలిపర్ పెట్టి మందం రాసుకుంటారు. ఆ అంకెలతో గీసిన పటంలో ఎక్కడ చిక్కగా, ఎక్కడ పలచగా ఉందో కనబడుతుంది. పలచగా ఉన్నచోటుకు ఎదురుగా ఒక నాజిల్ చేరుస్తారు, చిక్కగా ఉన్నచోట ఒకటి మూసేస్తారు, మళ్లీ స్ప్రే చేస్తారు, మళ్లీ కొలుస్తారు. బార్ల నీడలో గాలి సుళ్లు తిరుగుతుంది కాబట్టి ఒకచోట నాజిల్ కదిపితే ప్రభావం దాని ఎదురుగానే పడుతుందన్న హామీ లేదు. వేగం మార్చితే పటమూ మారుతుంది. టనెళ్ల క్యాలిబ్రేషన్‌కు ఎస్‌ఏఈ సంస్థ 2003లో వెలువరించిన ఏఆర్‌పీ5905 పత్రం ప్రకారం గది మధ్యలో ఉన్న విలువకు 20 శాతం అటూ ఇటూ మించని ప్రాంతాన్నే సమానమైన మేఘంగా లెక్కగడతారు. 20 శాతం అంటే చాలా వదులుగా ఉందనిపించవచ్చు. చట్రం మీద మంచు కొలిచినవాళ్లెవరూ ఆ మాట అనరు.

రెండో మెట్టు బిందువుల సైజు. ఒకే పరికరం అన్ని సైజులనూ చూడలేదు. చిన్న బిందువులకు లేజర్ కాంతిని వాడతారు. బిందువు ఆ కాంతిలోంచి దూసుకెళ్లినప్పుడు ముందుకు చెదిరే వెలుగును బట్టి సైజు లెక్కకడతారు. ఈ పరికరం పరిధి సుమారు 2 నుంచి 50 మైక్రాన్లు. అంతకన్నా పెద్దవాటికి నీడను పట్టే పరికరం ఉంటుంది. సన్నని కాంతి గ్రాహకాల వరస మీద బిందువు నీడ ఎన్ని గ్రాహకాలను కప్పిందో చూసి సైజు చెబుతుంది. రెంటి ఫలితాలను అతికి ఒకే వక్రరేఖ చేస్తారు. అతుకు దగ్గర రెండూ ఒకదానితో ఒకటి ఒప్పుకోవాలి. పరికరం నిజమే చెబుతోందా అని ముందుగా తెలిసిన సైజు గాజు పూసలు దానిగుండా పంపి సరిచూస్తారు. మేఘం మరీ చిక్కనైతే రెండు బిందువులు ఒకేసారి లేజర్‌లోకి వస్తాయి, పరికరం వాటిని ఒకటే పెద్ద బిందువనుకుంటుంది. ఇది ముందే తెలిసి ఉంటేనే దిద్దుకోవచ్చు.

మూడో మెట్టు నీటి మొత్తం. దీనికి పాత పద్ధతి నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అందులో దాచడానికేమీ లేదు. సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న లోహపు బ్లేడును ఒక కవచం వెనుక ఉంచుతారు. మేఘం కుదురుకున్నాక కవచం తీసి, లెక్కపెట్టిన సెకన్లు చూపించి, మళ్లీ మూస్తారు. బ్లేడు అంచుపై పెరిగిన మంచును చల్లబరిచిన మైక్రోమీటరుతో కొలుస్తారు. మైక్రోమీటరు వెచ్చగా ఉంటే తాకినచోట మంచు కరిగిపోతుంది.

లెక్క చేసి చూద్దాం. గాలి సెకనుకు 100 మీటర్ల వేగంతో పోతోంది, బ్లేడు ఒక నిమిషం మేఘంలో ఉంది. అంటే 6,000 మీటర్ల పొడవున్న గాలి దాన్ని దాటింది. మేఘంలో ఘనపు మీటరుకు 0.7 గ్రాముల నీరుంటే, బ్లేడు ముఖంపై చదరపు సెంటీమీటరుకు వచ్చేది 0.42 గ్రాములు. మంచు సాంద్రత 0.88 అనుకుంటే అది సుమారు 4.8 మిల్లీమీటర్ల మందం. కానీ అన్ని బిందువులూ బ్లేడుకు తగలవు, చిన్నవి గాలితోపాటు పక్కకు తప్పుకుంటాయి. పదింట తొమ్మిది వంతులు తగిలాయనుకుంటే మందం 4.3 మిల్లీమీటర్లు. నిజంలో ఇదే లెక్క వెనక్కి నడుస్తుంది: మందం కొలిచి నీటి మొత్తం రాబడతారు. ఆ ‘పదింట తొమ్మిది’ బిందువు సైజును బట్టి మారుతుంది కాబట్టే సైజు ముందు తేలాలి. మంచు బాగా మందమైతే బ్లేడు వెడల్పవుతుంది, లెక్క తప్పుతుంది. చలి చాలకపోతే నీరు అంటుకోకుండా జారిపోతుంది. అందుకే బ్లేడు కొలత సున్నాకు చాలా కింద, మైనస్ 20 దరిదాపుల్లోనే తీస్తారు.

ఇప్పుడు బ్లేడు స్థానంలో ఎక్కువగా వేడి తీగల పరికరం వాడుతున్నారు. కరెంటుతో ఒకే ఉష్ణోగ్రతలో నిలిపిన తీగను బిందువులు తాకి ఆవిరవుతాయి. ఉష్ణోగ్రత పడిపోకుండా ఎంత అదనపు కరెంటు కావాలో అదే నీటి కొలత. నీటి బిందువులకు సన్నని తీగలు, నీరు మంచు కలిపి పట్టేందుకు అర గొట్టంలా వంచిన మరో తీగ ఉంటాయి. పెద్ద బిందువులు సన్నని తీగను తాకి చిట్లి పోతాయి, పరికరం తక్కువ చూపుతుంది. ప్రతి పరికరానికీ ఇలా తనదైన తప్పు ఉంది. రెండు మూడు పరికరాలు ఒకదాన్నొకటి సరిచూస్తేనే నమ్మదగిన అంకె వస్తుంది. ఒకే పరికరం చెప్పిన అంకెను నివేదికలో రాసేసి చేతులు దులుపుకోవడాన్ని నేను క్యాలిబ్రేషన్ అనను.

టనెల్‌లో పనికొచ్చిన ఈ లెక్కలు నడిచే ఇంజిన్ ముందు అలాగే చెల్లవు. విమానం ఇంజిన్ శక్తిని తగ్గించి కిందికి దిగుతున్నప్పుడు ఇంజిన్ తన మూతికి ఎదురుగా వచ్చే గాలినంతా మింగదు, కొంత గాలి అంచులమీదుగా బయటికి పొర్లిపోతుంది. బరువైన బిందువులు గాలితోపాటు మలుపు తిరగలేక తిన్నగా లోపలికే పోతాయి. ఫలితంగా ఇంజిన్ లోపలి గాలిలో నీరు బయటి మేఘంలోకన్నా చిక్కనవుతుంది. నేలమీద ఇంజిన్‌ను గొట్టానికి నేరుగా బిగించినప్పుడు గొట్టంలో గాలంతా ఇంజిన్‌లోకే పోతుంది, పొర్లిపోవడం ఉండదు. అందుకే మేఘంలో నీటిని ఆ మేరకు పెంచి చిమ్మాలి. ఎంత పెంచాలన్నది బిందువు సైజు, విమాన వేగం, ఇంజిన్ మింగే గాలి కలిసి చెబుతాయి.

ఇంతవరకు నీటి బిందువుల కథ. ఇంజిన్లకు అంతకన్నా కఠినమైన శత్రువు మంచు స్ఫటికాలు. పెద్ద ఉరుముమేఘాల పైభాగంలో, నీరంతా గడ్డకట్టేసిన ఎత్తుల్లో ఇవి కోట్లుగా ఉంటాయి. చల్లని రెక్కకు తగిలి ఎగిరిపోతాయి, అంటుకోవు. పైలట్‌కు రెక్కమీద మంచు కనబడదు, రాడార్‌లోనూ పెద్దగా తెలియదు. ఇంజిన్ లోపలికి పోయినవి మాత్రం వెచ్చని కంప్రెసర్‌లో సగం కరిగి, లోహాన్ని తడిపి, చల్లబరిచి, అక్కడే మంచుగా పేరుకుంటాయి. ఆ గడ్డ ఊడిపడితే బ్లేడ్లు దెబ్బతినవచ్చు, మంట ఆరిపోవచ్చు. 2013 నవంబరులో జీఈఎన్‌ఎక్స్ ఇంజిన్లున్న 747-8, 787 విమానాలను ఇలాంటి ఉరుముమేఘాలకు 50 నాటికల్ మైళ్లలోపు తీసుకెళ్లవద్దని బోయింగ్ హెచ్చరించింది. జపాన్ ఎయిర్‌లైన్స్ అప్పుడు టోక్యో-ఢిల్లీ మార్గం నుంచి 787లను తప్పించింది. మన ఎయిర్ ఇండియా 787లు కూడా ఆ ఇంజిన్లతోనే ఎగురుతాయి. తర్వాత ఇంజిన్ నియంత్రణ సాఫ్ట్‌వేర్ మార్చారు. స్ఫటికాలు చేరుతున్నాయని పసిగట్టగానే మధ్యలో తలుపులు తెరిచి వాటిని బయటికి నెట్టేలా చేశారు.

నాసా ఇంజిన్ గదిలో మేఘం ఏర్పాటు చేసింది ముఖ్యంగా ఈ స్ఫటికాల కోసమే. అక్కడ పని తలకిందులవుతుంది. టనెల్‌లో నీరు గడ్డకట్టకూడదు, ఇక్కడ ఇంజిన్ చేరేలోగా తప్పక గడ్డకట్టాలి. కాబట్టి నీటిని, గాలిని చల్లగా పంపాలి. చిన్న బిందువు, స్వచ్ఛమైన నీరు అయితే గడ్డకట్టడానికి మొరాయిస్తుంది. అలాంటిది మైనస్ 40కి దగ్గరయ్యేదాకా కూడా ద్రవంగా ఉండగలదు. ఇక్కడ తేమ పెద్ద పాత్ర పోషిస్తుంది. గాలి పొడిగా ఉంటే బిందువు పైనుంచి కొంత ఆవిరై, మిగిలినది ఇంకా చల్లబడుతుంది. గాలి సున్నాకు కాస్త పైనున్నా తడి ఉష్ణోగ్రత (అలా ఆవిరవుతూ బిందువు దిగగల ఉష్ణోగ్రత) సున్నా కింద ఉంటే బిందువు గడ్డకట్టే దారిలోనే ఉంటుంది. అలా తేమను సర్దుతూ స్ఫటికం ఎంతవరకు గడ్డకట్టాలో, ఎంతవరకు కరగాలో నడిపించవచ్చు. కానీ ఆవిరైనంత నీరు మేఘంలోంచి పోయినట్టే. ఎంత చిమ్మామన్నది ఒకటి, ఇంజిన్‌కు ఎంత చేరిందన్నది ఇంకొకటి. అందుకే ఇంజిన్ మూతి దగ్గరే కొలవాలి.

కొలతకూ కొత్త చిక్కులున్నాయి. స్ఫటికం వేడి తీగకు తగిలి ఆవిరయ్యేలోగా ఎగిరిపోతుంది, అర గొట్టంలోంచి కూడా కొన్ని జారిపోతాయి. తీగ ఎప్పుడూ తక్కువే చెబుతుంది. అందుకని మేఘాన్ని గాలి వేగానికి సరిపోయే వేగంతో గొట్టంలోకి పీల్చి, అందులో ఉన్నదంతా ఆవిరి చేసి, ఆవిరిని కొలిచే పరికరాలు తయారుచేశారు. మేఘం గొట్టం నిండా సమానంగా ఉందా అని చూసేందుకు ఇక్కడ మంచు చట్రం పనికిరాదు, గడ్డకట్టిన రేణువులు దానికి అంటుకోవు. గొట్టం చుట్టూ లేజర్లు, గ్రాహకాలు అమర్చి, ఎటునుంచి ఎటు కాంతి ఎంత తగ్గిందో చూసి అడ్డకోత పటం గీస్తారు. ఆసుపత్రి సీటీ స్కాన్‌కు ఉన్న గణితమే దీనికీ ఆధారం. ఇంకో తేడా కూడా ఉంది. ఇలా గడ్డకట్టినవి గుండ్రని రేణువులు, మేఘంలో పుట్టే స్ఫటికాలకు ఆకారాలు వేరు. కెనడా జాతీయ పరిశోధన మండలి ఇంకో దారి పట్టింది: మంచును మరలో నూరి ఆ పొడిని గాలిలోకి వదులుతుంది.

ఈ శ్రమకు 2013 ఫిబ్రవరిలో ఫలితం దక్కింది. ఎగురుతుండగా స్ఫటికాల వల్ల ఇబ్బందికి గురైన చరిత్ర ఉన్న హనీవెల్ ఏఎల్‌ఎఫ్502ఆర్-5 ఇంజిన్‌ను నాసా ఇంజిన్ గదిలో నడిపి, కొలిచిన స్ఫటిక మేఘాన్ని వదిలారు. పైలట్ తగ్గించకుండానే ఇంజిన్ శక్తి పడిపోయే ఘటన నేలమీదే మళ్లీ జరిగింది. ఆకాశంలో జరిగినదాన్ని నేలమీదికి తెచ్చుకోగలిగితేనే దాన్ని తీరిగ్గా చదవవచ్చు. అంకెలు తెలియని మేఘంతో అదే ఘటన జరిగి ఉంటే ఎంత నీటికి, ఏ సైజుకు, ఏ తేమకు శక్తి పడిపోయిందో ఎవరూ చెప్పలేకపోయేవారు.

కొలతలన్నీ పూర్తయ్యాక వాటిని సమీకరణాల్లో పెట్టి, ఆపరేటర్ గదికి ఒక పట్టిక అందిస్తారు. ఇంత వేగానికి, ఇంత నీటికి, ఇంత ఎమ్‌వీడీకి గాలి ఒత్తిడి ఇంత, నీటి ఒత్తిడి ఇంత అని అందులో ఉంటుంది. ఆ పట్టిక కొలిచిన పరిధి లోపలే చెల్లుతుంది, దాని అంచు దాటి గీతను సాగదీయడానికి వీల్లేదు. నాజిళ్లు అరిగిపోతాయి, గుణకాలు జరుగుతాయి, బార్లు మార్చితే గాలి సుళ్లు మారతాయి. క్లీవ్‌లాండ్ టనెల్‌లో అందుకే పూర్తి క్యాలిబ్రేషన్ ఐదేళ్లకోసారి చేస్తారు, మధ్యమధ్య తనిఖీలు నడుస్తూనే ఉంటాయి.

మన దేశం సొంత ఇంజిన్ కోసం ఏళ్లుగా పాటుపడుతోంది. కావేరి ఇంజిన్‌ను ఎత్తులో పరీక్షించడానికి రష్యాకు పంపాల్సి వచ్చింది. రేపు ఇక్కడే ఎత్తు పరీక్షల గది కట్టుకుని, అందులో మంచు మేఘం కూడా ఏర్పాటు చేసుకుంటే, దాని బడ్జెట్‌లో మొదటి పద్దు కొలత పరికరాలకు, వాటిని నిత్యం సరిచూసే మనుషులకు రాయండి. నాజిళ్లు ఆ తర్వాత కొనుక్కోవచ్చు.